నానని చెక్క

దోనె అడుగున చేరిన నీటిని రేకుడబ్బాతో తోడి పారబోస్తున్నాడు కూర్మయ్య. అప్పటికి మూడుసార్లు ఏరు దాటించాడు. ఇంకా ఎండ ఎక్కలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. నడుం వంగింది గాని భుజాలు వంగలేదు. ఏళ్ల తరబడి నీళ్లలో నాని అరికాళ్లు తెల్లగా పాలిపోయి, ఉడికించిన పెండలం దుంప తొక్కలా ముడతలు పడ్డాయి.

దోనె అంటే తొలిచిన తాటిమాను. వంశధార నడుమ తిప్ప మీదున్న సవర గూడేనికి అదొక్కటే దారి. కొండ మీది పోడు భూములు షావుకార్ల పాలయ్యాక, ఎవరికీ అక్కర్లేని ఆ ఇసుకతిప్ప మీదికి దిగారు వాళ్లు. ఉప్పుకైనా మందుకైనా సంతకైనా ఏరు దాటాల్సిందే. పోయినేడు, అరవై ఏడు వానాకాలంలో, దోనె తిరగబడి ఇద్దరు పోయారు. ఒకతె, గూడెంలో చీపుళ్లమ్మే జగ్గమ్మ కోడలు, నెలలు నిండిన మనిషి. శవాలు తేలాక గాని పంచాయతీ సమితి కదల్లేదు. పలకల పడవ మంజూరైంది.

ఇవాళ ఆ పడవకి ప్రారంభోత్సవం.

"కొత్త పడవల నాను రాణినాగ కూకుంటాను. నువ్వు గొడుగు పట్టాల, మావా" అంది జగ్గమ్మ, చీపుళ్ల మోపు దోనెలో పడేస్తూ.

"ముందు ఆ డబ్బా అందుకోయే రాణీ. నీళ్లు తోడు."

అతని నవ్వు ఒడ్డు చేరేలోపే ఆరిపోయింది. నీలంరంగు పూసిన పడవ ఇసుక మీద నిగనిగలాడుతోంది. దగ్గరికెళ్లి పలకల సందులో గోరు పెట్టాడు. రంగు పొర చిట్లి, గోరు లోపలికి దిగింది.

పడవ చైత్రంలోనే వచ్చింది. పెద్దమనిషి ఒకాయన వచ్చి కొబ్బరికాయ కొట్టేదాకా నీళ్లలో దించకూడదన్నారు. ఆయనకి తీరిక దొరకలేదు. ఆరు నెలలు సమితి ఆఫీసు రేకుల షెడ్డులో, ఇటుకల మీద, సిమెంటు బస్తాల పక్కన ఎండింది. కూర్మయ్య నాలుగు మైళ్లు నడిచి వెళ్లి రెండుసార్లు తడిగోనెలు కప్పాడు. సిమెంటు గడ్డకడుతుందని స్టోరుకీపరు తిట్టి గెంటేశాడు. గోనెలు కూడా తిరిగివ్వలేదు.

ఓవర్సీరు నరసింగరావు పందిరికి దండలు కట్టిస్తున్నాడు. కూర్మయ్య వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"సెక్క ఎండిపోనాది బాబూ. మూడ్రోజులు ఏట్లో ముంచి ఉంచాల. నానితే ఉబ్బి సందులు మూసుకుంటాయి. నానకుండా జనాన్నెక్కిస్తే ముంచేస్తాది."

"నిన్ననే రంగేయించాను. ఇప్పుడు ముంచమంటావేంట్రా? ఆయన బయల్దేరారు."

ఓవర్సీరు అతని వైపు చూడనైనా లేదు. దండ వంకరగా ఉందని బంట్రోతును కసిరాడు.

పదింటికి రావలసిన పెద్దమనిషి రెండింటికి వచ్చాడు. అప్పటిదాకా తిప్ప జనాన్ని ఎండలో నిలబెట్టారు. పూసలు పైకి కనబడేలా వేసుకోమని ఆడవాళ్లకి పదేపదే చెప్పారు. పెద్దమనిషి బూటు మీద కొబ్బరినీళ్లు చిందితే ఓవర్సీరు వంగి తన రుమాలుతో తుడిచాడు. ఉపన్యాసంలో ఆయన తిప్ప పేరు మరిచిపోయి ఇంకో ఊరి పేరు చెప్పాడు. అయినా చప్పట్లు కొట్టారు.

తరవాత మోకాలి లోతు నీళ్లలో పడవ నిలబెట్టి, పధ్నాలుగు మంది సవరల్ని ఎక్కించి, మధ్యలో ఆయన్ని కూర్చోబెట్టి ఫొటో తీశారు. పాదాలకి తడి తగలగానే ఆయన దిగిపోయాడు. ఆకలేస్తోందన్నాడు.

"వీళ్లని అవతలికి తీసుకుపో. పడవ వెళ్తున్నట్టు ఇంకో ఫొటో కావాలి" అన్నాడు ఓవర్సీరు కూర్మయ్యతో.

"దించెయ్యండి బాబూ. దోనెలో రెండు దఫాలుగా దాటిస్తాను."

దిగబోయిన ముసలి ఎర్రన్నని బంట్రోతు భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"నువ్వు కాకపోతే వీడు తోస్తాడు" అన్నాడు ఓవర్సీరు.

బంట్రోతుది పట్నం. ఏట్లో సుడి ఎక్కడుందో వాడికేం తెలుసు? కూర్మయ్య కాండ్రించి ఉమ్మాడు. ఓవర్సీరు చెప్పుకి బెత్తెడు దూరంలో పడింది. పడవ తోసే గెడ అందుకుని ఎక్కాడు.

నడి ఏటికి చేరకముందే పాదాలు మునిగాయి. తరవాత చీలమండలు. పలకల సందుల్లోంచి నీరు చప్పుడు లేకుండా ఊరుతోంది.

"ఎవులూ లేవకండి. మేట కాడికి అట్టుకెల్తన్నాను" అన్నాడు, దోనెలో రోజూ మాట్లాడే గొంతుతోనే.

నీళ్ల కింద నడుం లోతున ఇసుకమేట ఒకటుంది. ఆ వారం అది ఎటు జరిగిందో అతనికొక్కడికే తెలుసు. పడవని అటు తిప్పాడు. అది ఇసుకకి రాచుకుని ఆగి, లోతున్న వైపు ఒరగసాగింది. కూర్మయ్య ఆ వైపే దిగి, గొంతు లోతు నీళ్లలో అంచుకి భుజం ఆన్చాడు. రెండో వైపు నుంచి ఒక్కొక్కర్నీ దిగమన్నాడు. ఎర్రన్న జంకితే, తలకున్న తువ్వాలు విప్పి జగ్గమ్మకి విసిరాడు. ఆమె దాన్ని ముసలాడి నడుముకి చుట్టి లాగింది.

ఒడ్డున ఫొటోగ్రాఫరు దూరం నుంచి ఒకటి తీశాడు. పందిట్లో విస్తళ్లు పరుస్తున్నారు.

ఆఖరి మనిషి మేట మీద కాలు మోపింది. జగ్గమ్మ వెనక్కి తిరిగేసరికి నీలం పడవ కూర్మయ్య నిలబడ్డ చోటు మీదుగా మెల్లగా దొర్లింది. కేక వినబడలేదు. ఎర్రనీళ్లు కాసేపు సుడి తిరిగి, మళ్లీ మామూలుగా సాగాయి.

మేట మీంచి మగాళ్లు ఈదుకుంటూ వెళ్లి దోనె తెచ్చి అందర్నీ ఒడ్డుకి చేరవేశారు. పొద్దు వాలేదాకా వెతికినా కూర్మయ్య దొరకలేదు. పెద్దమనిషి భోంచేసి వెళ్లిపోయాక, ఓవర్సీరు కాగితం పట్టుకుని రేవుకి వచ్చాడు. వద్దన్నా వినకుండా గిరిజనులు ఎక్కువమంది ఎక్కేశారని అందులో రాసి ఉంది. అది చదివి వినిపించలేదు. వేలిముద్రలు వేస్తే ఇంకో పడవ వస్తుందన్నాడు.

"ఏటి రాసినావు బాబూ?" అంది జగ్గమ్మ.

"ఏముంది? పడవ పోయిందని."

"మడిసి పోనాడని రాయలేదేటి?"

ఓవర్సీరు ఆమె బొటనవేలి కోసం చెయ్యి పట్టుకున్నాడు. ఆమె పిడికిలి విప్పలేదు. వేళ్ల సందుల్లోంచి తడి తువ్వాలు వేలాడుతోంది. దాని కొనకి చిన్న ముడి, ముడిలో సగం కాల్చి దాచుకున్న చుట్టపీక.