పప్పు ఎంత?

వీరభద్రయ్య బెంగళూరు ప్రయాణానికి పద్మావతమ్మ సంచి సర్దుతోంది. రెండు చొక్కాలు, రెండు పంచెలు, తువ్వాలు, నాలుగు రోజులకు సరిపడా బీపీ మాత్రలు. సంచి సర్దేటప్పుడల్లా ఆమెకు అమ్మ గుర్తొస్తుంది. ఆమెకు ఏడేళ్లప్పుడు అమ్మ ఇలాగే సంచి పట్టుకుని బళ్లారి ఆసుపత్రికి వెళ్లింది. సంచి ఒక్కటే తిరిగొచ్చింది. అప్పటినుంచి ఎవరు గడప దాటుతున్నా ఆమె మాట పెంచదు. ఎదురు చెబితే పోయినవాళ్లు రారేమోనని భయం. నలభై ఆరేళ్ల కాపురం ఆ భయంతోనే నడిచింది.

"సంతకం పెట్టిన చెక్కు పైన పెట్టు. లక్ష్మీపతి కాసుకోనుంటాడు," వరండాలోంచి కేకేశాడు భర్త.

లక్ష్మీపతి ఆయన తమ్ముడు, బెంగళూరులో షేర్లు కొనిపెడతాడు. చెక్కు మాత్రం ఆమెది. శింగనమలలో అమ్మవైపునుంచి వచ్చిన రెండెకరాలు అమ్మితే చేతికందిన తొమ్మిది లక్షలు. అదంతా సోలార్ మోటార్లు చేసే ఒక కంపెనీ షేర్లలో పెడతానంటున్నాడు వీరభద్రయ్య.

భర్త నడిపిన వేరుశనగ మండీలో నలభై ఏళ్లు ఆమె చేసిన పని ఒకటే. రైతు బస్తా దించగానే గుప్పెడు కాయలు లోపలికి వచ్చేవి. వంద గ్రాములు తూచి, ఒలిచి, పప్పు మళ్లీ తూచేది. "పప్పు ఎంతే?" అని ఆయన ముందుగదినుంచి అడిగేవాడు. "అరవై ఎనిమిది" అని ఈమె తలుపు చాటునుంచి చెప్పేది. ఆయన కాయల వంక ఒకసారి చూసి ధర కట్టేవాడు. వీరభద్రయ్య శెట్టి కన్నే తక్కెడ అని ఊరంతా చెప్పుకుంది. ఆమె బొటనవేలి గోరు అరిగి వంకరపోయిందని ఎవరూ చెప్పుకోలేదు.

ఐదో తరగతితో ఆగిన చదువును మండీకొచ్చే పేపర్లతో ఆమే సాగదీసుకుంది. వారంగా వ్యాపారం పేజీనీ, లక్ష్మీపతి పంపిన కాగితాలనూ ముందేసుకుని ఆ కంపెనీని ఒలిచింది. షేరు ధర ఎనిమిది వందల నలభై. షేరుకు ఏడాది లాభం ఆరు రూపాయలు, మూడేళ్లకిందట ఐదు. అలాంటి మోటార్లే చేసే మిగతా కంపెనీలు లాభానికి పాతిక రెట్లకు దొరుకుతుంటే, ఇది నూట నలభై రెట్లు. పైగా అమ్మామని రాసుకున్న సరుకులో సగానికి ఇంకా డబ్బే రాలేదు.

చెక్కు పుస్తకం పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"పప్పు ఎంతని ఈసారి అడగలేదే మీరు?"

"ఏం పప్పు?"

"ఆ కంపెనీది. ఇదే లాభమైతే మన దుడ్లు తిరిగొచ్చేకి నూట నలభై ఏండ్లు పడ్తాది. రెండేండ్లు వరసగా లాభం రెట్టింపైనా ఇంకా ఎక్కువ ధరే. మూడేండ్లలో పెరిగింది ఒక్క రూపాయి."

"నీకేం తెలుసే షేర్ల సంగతి? శెనక్కాయలు ఒలుచుకునేదానివి!"

"ఒలిచినాను కాబట్టే చెప్తాండా. కంపెనీ చెడ్డదనలేదు. షేరు ధర నూటయాభై రూపాయలకు రానీండి, నేనే సంతకం పెడ్తా."

"ధర దినామూ ఎగురుతాండాది. నువ్వు ఆడ్నే కూర్చో!"

"రేటు ఎగుర్తాండాదని ఒలవకుండా ఏ బస్తా అన్నా కొన్నారా మీరు?"

ఆయన ముఖం నల్లబడింది. "సంతకం లేకుండా ఈ సంచి ఎత్తుకున్నానంటే లక్ష్మీపతి ఇంట్లోనే ఉండిపోతా. మళ్లా ఈ గడప తొక్కను. ఆలోచించుకో."

అమ్మ సంచి కళ్లముందు కదిలింది. ఈ మనిషిని నిలుపుకోవడానికి ఇన్నేళ్లూ తాను ఎంత ధర పెడుతూ వచ్చిందో మొదటిసారి ఆమెకు తెలిసింది. లోపలికి వెళ్లి చెక్కు పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసింది. సంచిలోంచి నాలుగు రోజుల మాత్రలు తీసేసి, నెలకు సరిపడా ఉన్న డబ్బా పెట్టింది. జిప్పు లాగి, సంచి ఆయన చేతికిచ్చింది.

పదకొండు గంటల బస్సుకు వెళ్లిన వీరభద్రయ్య అన్నట్టే తమ్ముడింట్లో ఉండిపోయాడు, తిరిగి రాలేదు. అది 2023 ఏప్రిల్ పదకొండు, మంగళవారం.