కెప్టెన్ గ్లాసు

ఈత పోటీలో రిలే కప్పు గెలిచిన మధ్యాహ్నం జట్టంతా ఒక అమ్మాయి ఇంట్లో చేరింది. పెద్దవాళ్లు ఆఫీసుల్లో ఉన్నారు. ఆమె అన్న కాలేజీలో చదువుతున్నాడు. ఫ్రిజ్‌లోంచి బీరు సీసాలు తీసి, "గెలిచినోళ్లు నీళ్లు తాగుతారా ఎక్కడైనా?" అంటూ గ్లాసుల్లో పోశాడు.

అందరి కళ్లూ జట్టంతా చేప అని పిలిచే అమ్మాయి మీదే. పదో తరగతి చదువుతోంది, జట్టుకి కెప్టెన్. నీళ్లలో ఆమెని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు గనక ఆ పేరు పడింది.

మందు వాసన ఆమెకి కొత్తేం కాదు. సాయంత్రం నాన్న గ్లాసులో ఐసు వేసేది తనే. కిందటి వేసవిలో బాబాయి, "మన పిల్లేగా, ఒక్క చుక్క!" అని నాలుక్కి తగిలించాడు కూడా. అందుకే జంకకుండా గ్లాసు పైకెత్తింది. ఎనిమిదో తరగతి చిన్నది తన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, కెప్టెన్ పెదవులకేసే చూస్తోంది.

చేప గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "నాకొద్దు."

"కెప్టెన్‌కి భయమా?" నవ్వాడు అన్న.

"భయమైతే అంత ఎత్తు పలక మీంచి నీళ్లలోకి దూకేదాన్నా? ఇష్టం లేదు, అంతే."

"అమ్మయ్య! నాకూ వద్దక్కా," అంది చిన్నది.

"నువ్వు తాగుతావేమోనని పట్టుకున్నానే!" అంది ఇంకొకతె.

"నేను నిన్ను చూసి!" అంది ఆ ఇంటి పిల్ల.

అందరూ పగలబడి నవ్వారు. అన్న మొహం మాడ్చుకుని తన గదిలోకి పోయాడు.

సాయంత్రం నాన్న అలవాటుగా పిలిచాడు. "అమ్మలూ, ఐసు పట్రా."

"ఇక నేను తేను నాన్నా," అంటూ ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పింది.

ఆయనకి రోషం వచ్చింది. "నేనేమన్నా తాగి అల్లరి చేస్తున్నానా?"

"అల్లరి చేస్తే ఎప్పుడో అసహ్యం పుట్టేది. నువ్వు హాయిగా నవ్వుతూ తాగుతావు. అందుకే ఇవాళ ఆ గ్లాసు ఎత్తడం తప్పనిపించలేదు నాకు."

వంటగదిలో అమ్మ గరిట చప్పుడు ఆగింది. నాన్న గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత సీసా బీరువాలో పెట్టి తాళం వేశాడు. మానేశాడని కాదు గానీ, ఆ రోజు నుంచి పిల్లల ఎదుట మాత్రం తీయలేదు.

పోటీలో ఈది వచ్చిన చేపకి ఆ రాత్రి ఆకలి దంచేసింది. రెండోసారి వడ్డించుకుని మరీ తింది.