గొట్టం ఇవతల

మంచుజింక కడుపుతో ఉంది. ఈనడానికి ఉత్తరాన నాచునేలకు పోవాలి. దారిలో కొత్తగా వేసిన చమురు గొట్టం అడ్డమొస్తే దూకింది. ముందరి కాళ్ళు అవతల పడ్డాయి, పొట్ట ఇనుము మీద పడింది. మా పెద్దమ్మ అగ్రఫేన పరుగెత్తి వెళ్ళేసరికి దాని నడుము విరిగిపోయింది. కంపెనీ మేస్త్రీ ట్రాక్టరు మీద నుంచి చూస్తూ, "ఇంకోదాన్ని పెంచుకో అవ్వా, మీకు బోలెడున్నాయిగా" అన్నాడు.

మంచునేల మీద జింకలు మేపుకునే మా ఖాంతీ జనం అప్పటికే ఇరుక్కుపోయి ఉన్నాం. తూర్పున ఏటి మీద నూనె తెట్టెకట్టి చేపలు చచ్చాయి. దక్షిణాన చమురు బావుల మంటలు. పడమట లారీల బాట. ఇప్పుడు ఉత్తరాన ఈ గొట్టం.

మధ్యాహ్నం డేరాలో కూడాం. మా చిన్నాన్న కుజ్మా, "మూట కట్టుకుని, మనలాగే జింకలు మేపే నేనెత్సుల నేలకు పోదాం" అన్నాడు.

పొద్దున్నే మా డేరాకు వచ్చిన నేనెత్సుల మనిషి పియాక్ పొయ్యి పక్కనే ఎండుచేప నములుతున్నాడు. "రా బావా. మా కింద గ్యాసు తవ్వుతున్నారు, మమ్మల్ని ఇటు పొమ్మన్నారు. చోటు అడుగుదామనే వచ్చా. దారిలో ఎదురుపడి, నువ్వు జరుగు అంటే నువ్వు జరుగు అని తన్నుకుందాం."

ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

"పోవడానికి చోటే లేనప్పుడు మూటలెందుకు?" అంది పెద్దమ్మ. "డేరా పీకండి. లారీల బాట మీద వేద్దాం."

"తొక్కేస్తారు వదినా" అన్నాడు కుజ్మా.

"ఇప్పుడు తొక్కట్లేదా?"

బాట నడిమధ్య వాసాలు నిలబెట్టి తోళ్ళు కప్పాం. పిల్లాజెల్లా లోపల కూర్చున్నాం. మొదటి లారీ మా ముందు ఆగింది. దాని డ్రైవరు తరాస్, ఉక్రెయిన్ వాడు.

"పోనీయ్" అన్నాడు మేస్త్రీ.

"లోపల పిల్లలున్నారు."

"నీ పని పోతుంది."

"రేకుగూడులో పడేశావు, సెలవడిగితే ఊరికి పంపవు. ఇంకేం పీకుతావు?" తరాస్ ఇంజను ఆపి తాళం జేబులో వేసుకున్నాడు.

వెనక లారీలు బారులు తీరాయి. నిన్నటిదాకా మమ్మల్ని తాగుబోతులన్న డ్రైవర్లే దిగొచ్చి మా టీ తాగారు.

బాట మూసుకుపోయింది కాబట్టి పోలీసులు హెలికాప్టరులో దిగారు. "మీ నాయకుడెవరు?" అని అడిగారు.

"అందరికంటే ముసలిదాన్ని నేనే. పదండి" అంది పెద్దమ్మ. బేడీలు వేస్తుంటే నేను ఏడిచాను. "ఏడుపు తర్వాత. పొయ్యి ఆరిపోతోంది చూడు" అని కసిరింది.

హెలికాప్టరు లేచిన గాలికి డేరా కూలింది. నాలుగు దిక్కులూ పోయాయనుకున్నాం, పైనుంచి కూడా మూత పడ్డట్టయింది.

పారిపోదామన్న కుజ్మాయే వంగి వాసాలు ఏరడం మొదలుపెట్టాడు.

"ఇక్కడేనా వేసేది?" అని అడిగాను.

"ఇక్కడ ఇది మళ్ళీ వేద్దాం. ఇంకొకటి వాళ్ళు దిగిన చోట. మళ్ళీ ఎలా దిగుతారో చూద్దాం."

పియాక్ తన వాళ్ళను పిలుచుకు రావడానికి జింకలు లాగే స్లెడ్జి బండి తోలాడు. తరాస్ ఒక వాసం భుజానికెత్తుకున్నాడు. మంచులో హెలికాప్టరు చక్రాల గాడులు ఇంకా పూడలేదు. వాటి మీదే ఆ వాసం పాతాం.