వత్సలా మౌషీ వంతు

డాక్టర్ మృదులా ఘోర్పడే ఒకరి చేతికున్న బీపీ పట్టీ విప్పుతూనే తర్వాతి మనిషిని పిలిచింది. చెరకు కోతల కాలం. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కున్న కూలి ఆడవాళ్ళతో ఆస్పత్రి వరండా నిండిపోయింది. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీకీ క్యాన్సరు ఉందేమోనని నోరు, రొమ్ములు, గర్భసంచి ముఖద్వారం పరీక్ష చెయ్యాలన్నది ప్రభుత్వ నియమం. మృదుల దాన్ని ఒక్క ప్రశ్నకి కుదించుకుంది.

“కింద ఏమైనా ఇబ్బందా?”

వాళ్ళు తల దించుకుని లేదనేవారు. ఆమె తల ఎత్తకుండానే మాత్రలు రాసేది. తమంతట తాము నోరు విప్పినవాళ్ళనే తెర వెనక్కి పంపేది.

తెర వెనక ఆయా వత్సల ఉండేది. అందరికీ ఆమె మౌషీయే, అంటే పిన్ని. వంగిన వీపు, బ్లీచింగ్ నీళ్ళకి పగిలిన వేళ్ళు. బల్ల ఎక్కనని మొరాయించేవాళ్ళ మోకాలి మీద చెయ్యి వేసి, “డాక్టరుబాయి నీ మొహం చూడదులేవే, కళ్ళు మూసుకో” అని నవ్వించేది. మృదుల కాన్పు ఈ ఆస్పత్రిలోనే అయింది. నొప్పులు పడుతున్నంతసేపూ నడుం పట్టింది మౌషీయే. మౌషీ మోకాళ్ళ నొప్పులు, కొడుకు తాగుడు, చక్కెర లేని టీ, అన్నీ మృదులకి తెలుసు.

మధ్యాహ్నం వరండా ఖాళీ అయ్యాక మౌషీ తలుపు గడియ పెట్టింది.

“మేడమ్, నన్నొకసారి చూస్తారా? పొద్దున్నుంచి నిలబడలేకపోతున్నా.”

బల్ల ఎక్కడానికి తంటాలు పడుతుంటే మృదులే చెయ్యి అందించింది. దీపం దగ్గరికి లాగి చూసింది. కాలీఫ్లవర్ లాంటి కండ. తాకీ తాకకముందే నెత్తురు.

“ఎప్పటినుంచి?”

“గణపతి పండక్కి ముందునుంచి.”

“నాకెందుకు చెప్పలేదు మౌషీ?”

మౌషీ గోడవైపు తిరిగింది. “సిగ్గేసింది. ముట్లుడిగిన ముసలిదాన్ని, ఏమని చెప్పను? అందర్నీ అడుగుతారు గదా, నన్నూ అడుగుతారేమోనని చూశా.”

మృదుల చాలాసేపు చేతులు కడుక్కుంది. వెనక్కి తిరిగితే ఆ మనిషి మొహం చూడాలి. అడిగి ఉంటే బాగుండేదనుకుంది. అడిగినా తల ఎత్తకుండానే అడిగేదాన్ని గదా అని కూడా అనిపించి, కుళాయి కట్టెయ్యలేకపోయింది.

మిరజ్ పెద్దాస్పత్రికి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. వైద్యం చేస్తే తగ్గుతుందని మౌషీకి చెప్పింది. ఎన్నో ఏళ్ళుగా ఆ గదిలో ఇలాంటి ఓదార్పులు విన్న మౌషీ, సరేనని తలూపింది.

సాయంత్రం కొడుకు మోటారుసైకిలు మీద వచ్చాడు. రేపు పరికరాల ట్రేలు ఎవరు ఉడకబెడతారని దిగులుపడుతూనే మౌషీ వెనక కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుంది.

మర్నాటినుంచి మృదుల కలం పక్కన పెట్టి, ఒక్కొక్కరి మొహంలోకి చూసి అడగసాగింది. అందర్నీ తెర వెనక్కి పంపింది. కోతకి ఆలస్యమవుతోందని ఆడవాళ్ళు సణిగారు. ఇన్నాళ్ళూ లేని శ్రద్ధ ఇప్పుడేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండునని ఆమెకి అనిపించేది.

హోళీ రాకముందే మౌషీ మిరజ్‌లో పోయింది.

కొత్త ఆయాకి ట్రేల గది చూపించడానికి వెళ్ళి మృదుల తలుపు మూసింది. తలుపు వెనక మేకుకి, శుభ్రంగా ఉతికి ఆరేసిన మౌషీ లంగా ఒకటి వేలాడుతోంది, నెత్తురు మరక కనపడని ముదురెరుపుది.