ఏ ఇంటి అడ్రసు

ఆ ఆఫీసులో రెండు గదులు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాంట్లో మొగుళ్ళ చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళ ఫైళ్ళు. రెండోదాంట్లో ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల ఫైళ్ళు. మధ్యలో వసారా. ఒకరోజు టీ తాగి వస్తూ కొలిచాను, నా నడకకి ఎనిమిది అడుగులు. మా ముందున్న నాలుగేళ్ళ ఫైళ్ళలో ఒక్కటి కూడా ఆ వసారా దాటి అవతలికి వెళ్ళలేదు.

ఆ రెండు గదుల్లోనూ ఉన్న ఇళ్ళేవో వెతికి పట్టుకోవడం మా పని. భార్యను కొట్టే ఇంట్లో పిల్లల మీద కూడా చెయ్యి పడుతోందా, పడితే ఎన్ని ఇళ్ళలో అన్నది సుప్రియ మేడమ్ పరిశోధన. ఆవిడ విశాఖపట్నం నుంచి వస్తుంది, ముప్ఫై దాటి ఉండవు. నాకు నలభై తొమ్మిది. పదకొండేళ్ళుగా సర్వేల్లో పనిచేస్తున్నాను. దోమతెరలు లెక్కపెట్టాను, మరుగుదొడ్లు లెక్కపెట్టాను, రక్తం తక్కువైన ఆడపిల్లల్ని లెక్కపెట్టాను. ఆవిడ మొదటిరోజు ఈ పని గురించి చెప్పినప్పుడు నవ్వొచ్చింది.

"దీనికి లాప్‌టాప్ ఎందుకు మేడమ్? బెల్లం మార్కెట్లో ఏ ఆడదాన్ని అడిగినా చెప్తుంది" అన్నాను.

"చెప్తారు రోజలిన్ గారూ. కానీ అంకె చూపిస్తే తప్ప ఆఫీసులు వినవు" అంది.

ఆవిడ చెప్పింది నిజమే. నిజం కాబట్టే ఒళ్ళు మండింది.

నేను ఫైళ్ళు చదివి ఫారాల్లోకి ఎక్కిస్తాను. భర్త పేరు, ఊరు, ఇంటి అడ్రసు, ఈ మూడూ కలిస్తే అది ఒకే ఇల్లని లాప్‌టాప్ చెప్తుంది. పనంతా అయ్యాక పేర్లు చెరిపేస్తుంది. ఆడవాళ్ళ గదిలో ఆరు వందల పైచిలుకు, పిల్లల గదిలో రెండు వందల పైచిలుకు. మూడు నెలలు ఎక్కించాక కలిసినవి తొమ్మిది.

"తొమ్మిదేనా?" అన్నాను.

"తొమ్మిదే. ఈ ఊళ్ళో పెళ్ళాన్ని కొట్టేవాడు పిల్లల జోలికి పోడని రాయాల్సి వచ్చేలా ఉంది" అంది సుప్రియ మేడమ్ తెర వైపు చూస్తూ.

అలా కాదని నాకు తెలుసు. ఎలా తెలుసో అడిగే గడి మా ఫారంలో లేదు.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లల గదిలో పావని ఫైలు విప్పాను. ఏడేళ్ళు, రెండో తరగతి. కుడి అరచెయ్యి, రెండు వేళ్ళు కాలి ఉన్నాయని బడి టీచరు ఫోన్ చేసింది. విచారణవాళ్ళు బెల్లం మార్కెట్టు వెనక సందులో ఉన్న ఇంటికి వెళ్ళారు. తండ్రి నానాజీ, పరవాడలో కంపెనీ పని. ఆయన కుర్చీలు వేసి మంచినీళ్ళిచ్చాడని కూడా రాసుకున్నారు. తల్లి కోపిష్టిదనీ, పిల్ల చెయ్యి పెనం మీద పెట్టి ఇల్లు వదిలి పోయిందనీ ఆయన చెప్పాడు. పిల్లను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. అమ్మ కొడుతుందా? కొడతాది. అంతటితో విచారణ అయిపోయింది.

కింద మూడు గళ్ళు. బాధ్యులు: తల్లి. తల్లి ఆచూకీ: తెలియదు. సిఫారసు: తండ్రికి అప్పగించవచ్చు. పిల్ల ఐదు వారాలుగా ఆడపిల్లల హోంలో ఉంది. వచ్చే మంగళవారం పిల్లల సంక్షేమ కమిటీ ఈ గదిలోనే కూర్చుని అప్పగించేస్తుంది.

తల్లి పేరు తలుపులమ్మ. ఆ పేరు రెండు రోజుల క్రితమే నా చేత్తో రాశాను.

వసారా దాటి ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా సింహాచలం తలెత్తి, "ఏటండీ, ఈ బీరువా అయిపోయిందన్నారు గదా, మళ్ళీ వచ్చేరు? మా ఫైళ్ళ మీద బెంగెట్టుకున్నారేటి?" అన్నాడు. బీరువాలోంచి ఆ ఫైలు తీశాను.

తలుపులమ్మ, ఇరవై ఎనిమిదేళ్ళు. భర్త నానాజీ, పరవాడ కంపెనీ. 'నా కూతురి చెయ్యి పట్టుకుని పెనం మీద అదిమాడు. అడ్డం వెళ్తే నన్ను బయటికి గెంటి తలుపు వేసుకున్నాడు. పిల్ల లోపలే ఉండిపోయింది.' టీచరు ఫోన్ చేయడానికి ఆరు రోజుల ముందు తేదీ అది. మొగుణ్ణి పిలిపించారు. బాగా చూసుకుంటానని సంతకం పెట్టాడు. రాజీ అని రాసి ఫైలు మూసేశారు.

అడ్రసు దగ్గర నాతవరం మండలంలో ఒక ఊరు, తండ్రి ఎర్రయ్య, ఫోన్ నంబరు.

ఆ గదిలో తల్లి ఆచూకీ తెలియదట. ఈ గదిలో ఆచూకీ ఊరూ పేరూ ఫోన్ నంబరుతో సహా ఉంది.

"సింహాచలం గారూ, ఈవిడ అత్తిల్లు అనకాపల్లిలోనే కదా. నాతవరం అడ్రసు రాశారేం?"

"ఆళ్ళు సెప్పిందే రాత్తామమ్మా. అందరూ కన్నోరింటి అడ్రసే ఇత్తారు. అత్తోరి అడ్రసిత్తే ఆ వీధికి మా మేడమో, కానిస్టేబులో ఎల్తారు. ఇరుగూ పొరుగూ సూత్తారు. రేపు మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కాల గదా."

"అందరూనా?"

"ఇంచుమించు అందరూను. మీకు తెలీదేటి?"

తెలుసు. మా అమ్మ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళిన ఒకే ఒక్కసారి, మా తాతయ్య పక్కన నిలబడి తన ఇంటి అడ్రసు రాయించాడు. అది తెలిసి కూడా మూడు నెలలు ఆ అడ్రసుల్నే వరసగా ఎక్కించాను. పిల్లల ఫైలు బడి ఉన్న ఊరితో పుడుతుంది. తల్లి ఫైలు ఆమె పుట్టింటి ఊరితో పుడుతుంది. ఇక ఆ రెండూ ఎలా కలుస్తాయి?

సుప్రియ మేడమ్‌కి రెండు ఫారాలూ చూపించాను. తేదీలు రెండుసార్లు చదివింది.

"ఇక్కడ చూసింది బయటికి చెప్పబోమని సంతకాలు పెట్టాం కదండీ" అంది చివరికి. "పిల్లకి ప్రమాదమైతే చెప్పొచ్చని మన కాగితంలోనే ఉంది. కానీ పైవాళ్ళకి రాసి, అనుమతి వచ్చాకే. పదిహేను రోజులు పడుతుంది."

"మంగళవారానికి నాలుగు రోజులే ఉంది మేడమ్."

"నాకు మాత్రం తెలీదా? ఇప్పుడే రాస్తున్నాను."

"రాయండి. పిల్లను ఆ తండ్రికిచ్చేశాక మీకు అనుమతి వస్తుంది. తర్వాత మనం దాన్ని కూడా ఓ అంకె చేసుకుందాం."

ఆవిడ ముఖం ఎర్రబడింది. అనకూడని మాటే, అయినా వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి ఆవిడే హాజరు పుస్తకం నా ముందుకి తోసింది. "రేపు సెలవు రాసుకోండి. ఎక్కడికెళ్ళారని నేను అడగను."

శనివారం ఉదయం నాతవరం బస్సెక్కాను. ఎర్రయ్య చెరకు తోటలో గడలు పడిపోకుండా ఆకు చుడుతున్నాడని చెప్పి ఎవరో పిలుచుకొచ్చారు. తలుపులమ్మ అరుగు మీద మినుములు చెరుగుతోంది. ఎక్కడి నుంచి వచ్చానో చెప్పగానే ఎర్రయ్య భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"రాజీ అయిపోనాది గదమ్మా. మళ్ళీ ఏటి? పిల్ల నాయనమ్మ దగ్గరున్నాదని ఆడే సెప్పేడు. ఆడి కోపం తగ్గేక నానే దీన్ని దిగబెడతాను."

"పిల్ల నాయనమ్మ దగ్గర లేదు. ఐదు వారాల నుంచి హోంలో ఉంది. తలుపులమ్మా, చెయ్యి కాల్చింది నువ్వేనని రాశారు. మంగళవారం నీ మొగుడికి అప్పగించేస్తారు."

చేట ఆగిపోయింది.

"మాకెవులూ సెప్పనేదే" అన్నాడు ఎర్రయ్య.

"చెప్పడానికి నీ కూతురెక్కడుందో వాళ్ళకి తెలీదు. అత్తవారింటి అడ్రసు రాయించొద్దని ఎవరన్నారు?"

ఆయన నేల చూశాడు. "పరువుకని నానే అన్నాను."

"ఎవరి పరువు? పిల్ల చెయ్యి కాల్చినవాడి పరువా? దాన్ని నువ్వెందుకు కాస్తున్నావు?"

ఆయన నాకన్నా పెద్దవాడు. అలా అడగకూడదు. అడిగాను.

"మంగళవారం వచ్చి కమిటీకి నువ్వే చెప్పాలి" అన్నాను తలుపులమ్మతో.

"నాను రాను" అంది.

"ఎందుకని?"

"ఆళ్ళు రాసిందాన్లో సగం నిజమే. పిల్లని నానూ కొట్టేను. సాలాసార్లు."

ఎర్రయ్య తల తిప్పి కూతుర్ని చూశాడు. ఆమె మా ఇద్దర్నీ చూడలేదు. మినుముల్లోంచి రాళ్ళు ఏరుతూనే చెప్పింది.

"ఆడు కంపెనీ బస్సు దిగి సందు మలుపు తిరిగితే సెప్పుల సప్పుడుకే తెలుత్తాది, ఎలగొత్తన్నాడో. అలటప్పుడు ఆడు గుమ్మంలోకొచ్చేసరికి నానే పిల్లకి నాలుగేసేసేదాన్ని. అప్పుటికే ఏడుత్తున్న పిల్లని మళ్ళీ కొట్టడు గదా. ఆడు సెయ్యెత్తితే ఎలగుంటాదో నాకు తెలుసు, దానికి తెలవకూడదనుకున్నాను. ఆ దినం నాకు టైం సాల్లేదు. పొయ్యి మీద పెనమున్నాది."

"ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

"ఎవులడిగేరు?"

నా సంచిలో, ఇళ్ళకెళ్ళి తల్లుల్ని అడిగే మా సర్వే ఫారాలున్నాయి. ముప్ఫై ఒకటో ప్రశ్న: మీరు మీ పిల్లలను కొడతారా? అవును, కాదు. పక్కన టిక్కు పెట్టే గడి. ఎప్పుడు, ఎందుకు అన్న ప్రశ్న మేమూ వేసుకోలేదు. ఎంతమంది తల్లుల పక్కన 'అవును' అని టిక్కు పెట్టి బస్సెక్కి ఇంటికొచ్చానో నాకే తెలియదు.

"మంగళవారం పదింటికి" అన్నాను లేస్తూ. "నువ్వు రాకపోతే ఆ సగమే మిగులుతుంది."

సోమవారం సుప్రియ మేడమ్ అడ్రసు కలవాలన్న నిబంధన తీసేసి, తల్లి పేరు, పిల్లల పేర్లతో మళ్ళీ కలిపించింది. తొమ్మిది కాస్తా డెబ్భై మూడయింది. అంకె పెరిగినందుకు ఇద్దరికీ సంతోషం కలగలేదు. ఆ డెబ్భై మూడు ఇళ్ళలో పావని ఇల్లు ఒకటి.

మంగళవారం తండ్రీ కూతుళ్ళు పది కాకముందే వచ్చి వసారాలో నిలబడ్డారు. నానాజీ ఇస్త్రీ చొక్కాతో, మెడలో కంపెనీ కార్డుతో వచ్చాడు. మామగారికి నమస్కారం పెట్టాడు. పెళ్ళాం వైపు చూసి మెల్లగా, "మామని కూడా తిప్పుతున్నావేటి, పాపం ఈ వయసులో" అన్నాడు. కమిటీ గుమాస్తా తలుపులమ్మ మాట విని, అవతలి గది ఫైలు కావాలంటే ఆ గది నుంచి ఈ గదికి ఉత్తరం రావాలన్నాడు.

తలుపులమ్మ తనే వెళ్ళి సింహాచలాన్ని అడిగింది. "నా కాగితమే గదా బాబూ. ఓ కాపీ ఇప్పించు."

"కాపీకైతే అప్లికేషను పెట్టాల. మేడమ్ సంతకానికి రెండ్రోజులు" అన్నాడతను. తర్వాత నా వైపు చూశాడు. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. లేచి బీరువా తీసి, ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "కాపీ ఇవ్వొద్దని రూలున్నాది. ఫైలట్టుకుని నాను నడవకూడదని రూలేటీ నేదు."

అలా మొదటిసారి ఒక ఫైలు ఆ వసారా దాటింది.

కమిటీ గది తలుపు తీసే ఉంది, వసారాకీ లోపలికీ మధ్యలో సగం లాగిన తెర మాత్రమే. కమిటీలో కళ్ళజోడు ఆవిడ రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. హోం నుంచి తెచ్చిన పావని కుర్చీలో కూర్చుని ఉందని తెర కిందనుంచి ఊగుతున్న కాళ్ళని బట్టి తెలుస్తోంది.

"నాన్న ఇంటికొచ్చేముందు ఏమవుతుందమ్మా?" అని అడిగిందావిడ.

"అమ్మ కొడతాది."

"చూశారా మేడమ్" అన్నాడు నానాజీ వినయంగా. "పిల్లే చెప్తోంది."

"మీరు బయట కూర్చోండి" అందావిడ. అతను బయటికొచ్చేదాకా ఆగి, మళ్ళీ అడిగింది. "ఎలా కొడుతుంది?"

"సౌండొచ్చేలాగ. నొప్పెట్టదు. నాను గట్టిగా ఏడవాల."

"ఎందుకు?"

"సందులోకి వినపడాల. నాన్నకి."

వసారాలో ఎర్రయ్య గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నానాజీ ఫోన్ తీసి చూసుకుంటున్నాడు.

పిల్లను తండ్రికి ఇవ్వలేదు. నాతవరంలో తల్లి దగ్గరే ఉంటుంది, నెలకోసారి వచ్చి చూస్తామన్నారు. కాల్చిన సంగతి పోలీసులకు రాస్తామన్నారు. పిల్ల మీద మళ్ళీ చెయ్యి చేసుకోనని తలుపులమ్మ చేత సంతకం పెట్టించుకున్నారు. నానాజీ చేత ఏ సంతకమూ పెట్టించలేదు. మధ్యాహ్నం షిఫ్టుకి బస్సు తప్పిపోతుందని చెప్పి అతను వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

తలుపులమ్మ ఆ సంతకం పెట్టిన చేత్తోనే పావని ఎడమ చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. గేటు వైపు వెళ్తుందనుకున్నాను. నేరుగా ఎదురు గదిలోకి వెళ్ళింది.

"మళ్ళీ రాసుకోండి. ఈసారి రాజీ వద్దు" అంది.

సింహాచలం కొత్త కాగితం తీశాడు. పేరు రాశాడు, వయసు రాశాడు. "అడ్రసు?" అని తలెత్తకుండానే, "ఎర్రయ్య గారిల్లు, నాతవరం…" అని రాయబోయాడు.

ఎర్రయ్య గుమ్మం దగ్గర నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"అది కాదు" అంది తలుపులమ్మ. "బెల్లం మార్కెట్టు ఎనక, మూడో సందు. కొట్టింది ఆ ఇంట్లోనే. ఇంటి నంబరు కూడా సెప్తాను, రాసుకోండి."