పదకొండో పట్టిక

తెర మీద మూడో వరుసలో ఎర్రగీత కనబడగానే వుబ్బో టెర్ప్‌స్ట్రా కాఫీ కప్పు పక్కన పెట్టాడు. యంత్రం సరిచూసిన పన్నెండువేల వ్యాసాల్లో ఒకటి తేడాగా ఉంది. విద్వత్ పత్రికలు వెబ్‌లో వెలువడగానే వాటి నకళ్ళు ఇక్కడికి చేరతాయి. చేరిన రోజే ప్రతి ఫైలుకూ ఒక గుర్తుసంఖ్య కడతారు. ఎన్నేళ్ళ తరువాతైనా లోపల ఒక్క అక్షరం చెదిరితే ఆ సంఖ్య కలవదు. వుబ్బో ఇంకో ఊళ్ళో దాచిన నకలు రప్పించి, చెడినదాని చోట పెట్టి, సంఖ్య కలిసేదాకా కదలకుండా కూర్చున్నాడు. హేగ్ నగరంలోని ఆ గ్రంథాలయం మూడో అంతస్తులో ఇరవయ్యారేళ్ళుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. రేపటినుంచి మొదలవదు. అరవయ్యేడు నిండాయి, ఉద్యోగానికి ఇవాళే ఆఖరు.

పొడుగు మనిషి. గుమ్మాల కింద వంగివంగి మెడ ముందుకు సాగింది. ఎండాకాలమైనా చలికాలమైనా సైకిలు తొక్కి వచ్చిన ఎరుపు చెవుల మీద పదింటిదాకా ఉండేది. పుట్టినరోజు విందుల్లో ఆవుల ఆసామి అయిన తమ్ముడు ఏటా ఒకే మాటతో ఏడిపించేవాడు. "ఎవడూ చదవనివన్నీ దాస్తావేంట్రా అన్నయ్యా?"

"ఎవడో ఒకడు చదివేదాకా" అనేవాడు వుబ్బో, జున్నుముక్క నోట్లో వేసుకుంటూ.

పదింటికి ఫోను మోగింది. విభాగానికి పెద్ద అయిన హెస్టర్ అందుకుని, అతని వైపు చాచింది. "నీటిమండలి వాళ్ళు. గొంతు వింటే మునిగిపోయేలా ఉన్నారు, చూడండి."

అవతల ఆన్‌కె అనే ఇంజనీరు. కాలువకట్ట మీద నిలబడి మాట్లాడుతోంది; గాలి హోరు వినిపిస్తోంది. "రెండునెల్లుగా చినుకు లేదండీ. కట్టంతా నల్లమట్టి, ఎండి బెండులా తేలికైపోయింది, కాలువ నీటి తోపుడుకు ఆగదేమోనని భయం. పగుల్లో చెయ్యి పెడితే మణికట్టుదాకా పోతోంది. కట్ట కింద పల్లంలో నూటనలభై ఇళ్ళున్నాయి. ఈ మట్టి ఎంత ఎండితే జారుతుందో ఒకాయన కొలిచి రాశాడట. ఆయన పోయాడు. ఆ పత్రికా మొన్న వసంతంలో మూతబడింది, వెబ్‌లో ఆనవాలు కూడా లేదు. మీ దగ్గరేమైనా..."

"ఏ సంవత్సరం?"

"రెండువేల నాలుగు. వ్యాసం ఒక్కటే సరిపోదు. పదకొండో పట్టిక కావాలి. అది విడిగా ఉండేదట."

"ఉంది" అన్నాడు వుబ్బో.

పత్రిక బతికున్నంతకాలం దాని నకలు బయటికి తీయకూడదని ఒప్పందం. పత్రిక నిజంగానే పోయిందని హెస్టర్ రూఢి చేసుకుని సంతకం పెట్టడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా వుబ్బో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పట్లో ఆ పత్రికవాళ్ళు వ్యాసాలు మాత్రమే పంపారు. పట్టికలు ఏవని ఉత్తరం రాస్తే, అవి వ్యాసంలో భాగం కావన్నారు. అయిదు ఉత్తరాలు రాశాడు. ఆరోది రాయకుండా రైలెక్కి వెళ్ళి సంపాదకుడి గది ముందు మధ్యాహ్నందాకా కూర్చున్నాడు. ఆయన విసుక్కుంటూ ఒక డిస్కు చేతిలో పడేశాడు. ఆఫీసులో వారంపాటు నవ్వుకున్నారు. ఆ పట్టికల్ని తెరిచే ప్రోగ్రాము తరువాత మార్కెట్లోనే లేకుండా పోతే, ఒక శీతాకాలమంతా కూర్చుని ఒక్కొక్కటే కొత్త రూపంలోకి మార్చాడు, పాతదీ పారేయకుండా.

తెర మీద అంకెలు నిలువుగా బారులు తీరాయి. పంపాడు. ఫోను పెట్టలేదు.

"వచ్చింది" అంది ఆన్‌కె. "మా కట్టలో తేమ ముప్పయ్యెనిమిది శాతం. ఇందులో... ఆగండి. ముప్పయ్యయిదు కిందికి దిగితే జారుతుందని ఉంది." ఊపిరి వదిలింది. తరువాత ఫోను పక్కకు తిప్పి ఎవరిమీదో అరిచింది. "ఇంకా టైముందిరా! ఇళ్ళు ఖాళీ చేయించొద్దు. పంపులు తెండి, కట్టంతా తడపండి!"

వుబ్బో రిసీవరు పెట్టేసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. అవసరం లేకపోయినా రెండుసార్లు తుడిచాడు.

నాలుగింటికి ఆపిల్ కేకు కోశారు. రెండు మాటలు చెప్పమని హెస్టర్ బలవంతపెట్టింది. అతను వీలైనంత నిటారుగా నిలబడ్డాడు. "అడిగారు. ఉంది. ఇచ్చాం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. హెస్టర్ మొదట చప్పట్లు కొట్టింది.

అయిదవుతుండగా ఆన్‌కె వచ్చింది, బూట్లనిండా బురదతో. కట్ట నిలిచింది, తేమ నలభై దాటింది, కాపలా ఇంకొకరికి అప్పగించి వచ్చింది. జామ్ సీసా ఒకటి చేతికిచ్చింది. "ఆ కట్ట మట్టే. ఇంట్లో పెట్టుకోండి."

"ఇంటికెందుకు, ఇది ఇక్కడుండాల్సింది" అన్నాడు వుబ్బో. మెట్లు దిగి, గుర్తింపుకార్డు కాపలాదారుకిచ్చి, గాలికెదురుగా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఖాళీ బల్ల మీద, ఆపేసిన తెర పక్కన, సీసాలో నల్లమట్టి. గాజుకు లోపలివైపు పట్టిన సన్నటి తడి.