కుడివైపు ముడి ఉన్న టోపీ

కెటిల్ మూతిలోంచి ఆవిరి సన్నగా, తెగకుండా వస్తోంది. ఆయన ఎడమచేత్తో గోధుమరంగు ఫెల్టు టోపీని దానిమీద తిప్పుతూ, కుడిచేతి బొటనవేలితో ఫోను తెరను పైకి తోస్తున్నాడు. రెండు పనులు ఒకేసారి పెట్టుకోవద్దని భార్య వెయ్యిసార్లు చెప్పింది. వెయ్యిసార్లూ ఆయన తలూపాడు. అంచు మెత్తబడగానే టోపీని బల్లమీద పెట్టి, అరచేత్తో నొక్కి, ఒక చుట్టు తిప్పి, మళ్ళీ ఆవిరి మీదికి తెస్తాడు. నలభై ఏళ్ళ నుంచి చేస్తున్న పని కాబట్టి చెయ్యి దాని దారిన అది పోతుంది. కళ్ళు మాత్రం వేలంలో ఉంటాయి.

వీధిలో అందరూ ఆయన్ని ఆవిరి మాస్టారు అంటారు. పొట్టి మనిషి. అరచేతులు మాత్రం మనిషికి సరిపడనంత వెడల్పు. గోళ్ళ చుట్టూ చర్మం ఉడికి ఉడికి తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఇరవై ఏడేళ్ళు ఒక టోపీల కార్ఖానాలో చెక్క అచ్చుల మీద తడి ఫెల్టు లాగి బిగించే పని చేశాడు. జనం టోపీలు పెట్టుకోవడం మానేశారు, కార్ఖానా మూతపడింది. అప్పటినుంచీ ఆన్‌లైన్ వేలాల్లో పాత టోపీలు కొంటాడు, మరకలు తీస్తాడు, సొట్టలు సరిచేస్తాడు, రిబ్బను మార్చి మళ్ళీ అదే వేలంలో అమ్ముతాడు. ప్రతి టోపీకి ఉన్న లోపాలన్నీ పూసగుచ్చినట్టు రాసి మరీ అమ్ముతాడు. ఇన్నేళ్ళుగా టోపీల వ్యాపారంలో ఉండి ఒక్కరికీ టోపీ పెట్టడం రాలేదని భార్య ఎగతాళి చేస్తుంది.

ఆయనకొక కిటుకుంది. టోపీల విభాగంలో ఎవరైనా వెతుకుతారు. ఆయన ఎవరూ వెతకని చోట వెతుకుతాడు. తెలియని వాళ్ళు టోపీని పిల్లల ఆటవస్తువుల్లోనో, వంటింటి సామానులోనో పెట్టేస్తారు. మంచి సరుకు అక్కడే దొరుకుతుంది. ఆ ఉదయం ‘నాటకాల సామాను’ తెరిచాడు. పెట్టుడు గడ్డాలు, అట్టకత్తులు, ఒక గాడిద తలకాయ. దాని కింద, నాచురంగు ఫెల్టు టోపీ ఒకటి.

బొటనవేలు ఆగిపోయింది. మామూలుగా మగవాళ్ళ టోపీకి రిబ్బను ముడి ఎడమవైపు ఉంటుంది. దీనికి కుడివైపు ఉంది.

ఆయన ఫొటోని వేళ్ళతో పెద్దది చేశాడు. అంచు చుట్టూ కుట్టు. ఎడమ చెవి దగ్గర మూడు కుట్లు వాలుగా, ఎదురు దిక్కుకి పడ్డాయి. ఆ మూడు కుట్లు వేస్తున్నప్పుడు కార్ఖానాలో కరెంటు పోయింది. పందొమ్మిదేళ్ళ కిందటి మాట. వేసింది ఆయనే.

ఆవిరి చేతిని కాల్చిన సంగతి ఆయనకు కాసేపటికి గాని తెలియలేదు. “అమ్మా!” అని అరిచి గోధుమరంగు టోపీని నేల మీద పడేశాడు. ఏ టోపీనీ ఎన్నడూ నేలమీద పెట్టని మనిషి! వంటింట్లోంచి భార్య పరిగెత్తుకొచ్చింది.

“ఏమైందండీ?”

“అన్నయ్య టోపీ.”

“ఏదీ?”

“అమ్మేస్తున్నాడు. అన్నయ్య నా టోపీ అమ్మేస్తున్నాడే!”

ఆవిడ ఆయన చేతిని కుళాయి కింద పెట్టి, తడి చేత్తోనే ఫోను అందుకుని చూసింది. ‘పాత టోపీ ఒకటి. బాగానే ఉంది. సాయంత్రం నాలుగింటికి వేలం ముగింపు.’ అంతే రాసి ఉంది. అమ్మేవాళ్ళ ఊరు అన్నయ్య ఉండే ఊరే.

ఆ అన్నయ్య ఈయనకంటే ఆరేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. అదే కార్ఖానాలో అంచులు కత్తిరించేవాడు. ఎడమ చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. దానికి తగలకూడదనే తమ్ముడు ముడిని కుడివైపు కుట్టాడు. అన్న కత్తెర పనివాళ్ళకి పెద్ద అయిన రోజున ఇచ్చిన టోపీ అది. “నేను పోయేదాకా ఇది నా నెత్తిమీదే ఉంటుందిరా” అన్నాడు అన్న ఆ రోజు. కార్ఖానా మొత్తం చప్పట్లు కొట్టింది.

తర్వాత కార్ఖానా మూతపడింది. పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం అన్న ఇంటికొచ్చి, గోడ పొడుగునా పేర్చిన పాత టోపీలను చూశాడు. “కొత్తవి చేసిన చేతులతో చచ్చినవాళ్ళ టోపీలు అమ్ముకుంటున్నావా?” అన్నాడు. తమ్ముడికి ఒళ్ళు మండింది. “అమ్ముకుంటాను. నీదొస్తే నీదీ అమ్ముతాను, ఫో” అన్నాడు. అన్న అన్నం సగంలో లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఊరు మారాడు, నంబరు మారింది. కార్ఖానా పాత స్నేహితుడెవరో ఫలానా ఊళ్ళో ఉన్నాడట అని చెప్పడమే గాని, మాటా పలుకూ లేదు. ఎవరు ముందు మాట్లాడాలన్న దగ్గరే పదకొండేళ్ళు గడిచిపోయాయి.

“ఆయనెందుకు అమ్ముతారండీ?” అంది భార్య.

“ఎందుకేమిటి? నన్ను అవమానించడానికి. నేను చూస్తానని తెలుసు. నాటకాల సామానులో పెట్టించాడు చూడు, గాడిద తలకాయ కింద!”

“ఆయనకి వేలాలంటేనే గిట్టదు కదా.”

“అందుకే ఎవరికో ఇచ్చి పెట్టించాడు. నాకు తెలీదా మా అన్న సంగతి?”

ఆవిడ ఆయన చేతికి మందు రాసి గుడ్డ చుట్టింది.

పాత టోపీల వాళ్ళలో ఒక మర్యాద ఉంది. టోపీ ఎవరిదని అమ్మేవాళ్ళని అడగరు. లోపలి తోలుపట్టీ ఎలా ఉందో అడుగుతారు, పురుగు పట్టిందా అని అడుగుతారు, కొలత అడుగుతారు. ఎవరిదని మాత్రం అడగరు. ఆవిరి మాస్టారు ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఇవాళా అడగలేదు. చుట్టిన చేత్తో తంటాలు పడుతూ ఒక సందేశం రాశాడు: ‘ఈ టోపీ మీకు ఇచ్చినాయనకి చెప్పండి, దీన్ని చేసినవాడు ఇంకా బతికే ఉన్నాడని.’ పంపాక ఒకటికి రెండుసార్లు చదువుకుని, బాగానే తగిలించాననుకున్నాడు.

కోపం వచ్చినా పని ఆగదు. ముందురోజు అమ్ముడైన టోపీని గుండ్రటి అట్టపెట్టెలో పెట్టి, టోపీ లోపలి గుల్లలో పలచటి కాగితం ఉండలు కూరి, మూతకి తాడు కట్టి కొరియర్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. అక్కడి గుమాస్తాకి ఈ పెట్టెలు బాగా అలవాటే.

“ఇన్ని పాత టోపీలు ఎక్కణ్ణుంచి వస్తాయి మాస్టారూ?” అన్నాడు గుమాస్తా, పెట్టెని తూకం మీద పెడుతూ.

ఆయన ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాడు. “మూడు కారణాలండీ. ఫ్యాషన్ మారుతుంది. లేదంటే తలకి సరిపోదు. లేదంటే తలే ఉండదు.”

గుమాస్తా పకపకా నవ్వాడు. ఆయనా నవ్వాడు. పొద్దుటినుంచీ మనసంతా ఒక టోపీ మీదే ఉన్న మనిషి, ఆ మాట తన నోటితోనే అన్న మనిషి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. తట్టలేదు. వేరే ఎవరి టోపీ అయినా అయితే ఫొటో చూడగానే సంగతి గ్రహించేవాడు. అన్నయ్య టోపీ కాబట్టి అన్నయ్యే కనిపించాడు, చెవిమీద పెన్సిలుతో, కోపంతో.

ఇంటికొచ్చి చూస్తే ఇంకెవరో ఆ టోపీకి పాట పెట్టారు. ఆఖరి పది సెకన్ల దాకా చెయ్యి కదపకూడదన్నది ఆయనే అందరికీ చెప్పే సూత్రం. ఆ సూత్రం మర్చిపోయి వెంటనే పెంచాడు. అవతలివాళ్ళూ పెంచారు. మళ్ళీ పెంచాడు. అన్నం పళ్ళెం పక్కన ఫోను, ఫోను పక్కన కళ్ళద్దాలు. భార్య వడ్డించినదేదో తిన్నాడు.

“గెలిస్తే ఏం చేస్తారు?” అంది ఆవిడ.

“తెప్పించుకోను. స్వయంగా వెళ్ళి తీసుకుంటాను. అమ్మినవాళ్ళ దగ్గర వాడి ఇల్లెక్కడో కనుక్కుంటాను. వెళ్ళి ఆ టోపీ వాడి ముందు పెట్టి, ఇదేమిట్రా అని అడుగుతాను.”

“అన్నని ‘ఏరా’ అంటారా?”

“అంటాను. ఇవాళ అంటాను.”

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తితే కంచం దూరం జరిగేది. ఇప్పుడు ఈయన బయల్దేరతానంటున్నాడు.

“పోట్లాడ్డానికైనా సరే, వెళ్ళండి. నేనూ వస్తాను. మీరు అరిచాక మంచినీళ్ళు ఇవ్వడానికి మనిషి ఉండాలి కదా.”

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఆవిడ అప్పుడే చొక్కా ఇస్త్రీ మొదలుపెట్టింది. పొద్దున్న రైలు ఆరున్నరకి, అయిదు గంటల ప్రయాణం. ఆయన గదిలో అటూ ఇటూ నడుస్తూ మొదటి మాట ఎలా అనాలో చూసుకున్నాడు. ‘ఏరా’ అందామనుకున్నాడు. కాదు, ‘ఏం అన్నయ్యా’ అంటేనే ఎక్కువ పొడుచుకుంటుందనుకున్నాడు. వాడు తలుపు తీస్తాడు. చూస్తాడు. ఆ తర్వాత ఏమంటాడో ఎంత ఆలోచించినా తెలియలేదు. కానీ లోపలికి రమ్మంటాడు. రమ్మనకపోయినా తను వెళ్తాడు. ఇది మాత్రం నిశ్చయం.

నాలుగింటికి ఇద్దరూ మంచం అంచున కూర్చున్నారు. ఫోను ఆయన చేతిలో, ఆయన చెయ్యి ఆవిడ చేతిలో. ఆఖరి నిమిషంలో అవతలివాళ్ళు రెండుసార్లు పెంచారు. ఆరు సెకన్లు ఉందనగా ఆయన కళ్ళు మూసుకుని, తన జన్మలో ఏ టోపీకీ పెట్టని అంకె కొట్టాడు. తెర పచ్చబడింది.

“మనదే!” అని ఆవిడే ముందు అరిచింది. ఆయన చొక్కా భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళడానికి ఒక వంక దొరికింది. పదకొండేళ్ళుగా కావలసింది ఆ ఒక్క వంకేనని అప్పుడర్థమైంది.

పావుగంటకి అమ్మినవాళ్ళ నుంచి సందేశం వచ్చింది. ఒక ఫోను నంబరు, కింద ‘దయచేసి ఒకసారి ఫోన్ చేయండి’ అని. ఆయన గొంతు సవరించుకుని చేశాడు. ఎత్తింది ఒక పెద్దావిడ.

“నేనే అండీ, టోపీ పెట్టినదాన్ని. మీరు ఆయన తమ్ముడుగారా?”

“అవునండీ. ఆయన ఇల్లెక్కడో చెప్పగలరా? రేపు వస్తున్నాను.”

“మా ఇంట్లోనేనండీ. మేడమీద గదిలో అద్దెకుండేవారు.”

“ఖాళీ చేశాడా?”

ఆవిడ మెల్లగా అంది. “పోయిన నెల ఇరవై రెండో తారీఖున పోయారండీ. నిద్రలోనే. పొద్దున పాలు తీసుకోలేదేమా అని వెళ్ళి చూశాను.”

ఆయనకు మాట వినబడింది గాని లోపలికి దిగలేదు. నోట్లోంచి ఒక ప్రశ్న వచ్చింది. “టోపీకి చెమ్మ తగిలిందా అండీ?” ఆ ప్రశ్న విని ఆయనే దిగ్భ్రాంతి చెందాడు. పక్కనే చెవి ఆనించి వింటున్న భార్య రెండు చేతులతో నోరు మూసుకుంది.

“లేదండీ, భద్రంగానే ఉంది” అంది అవతలి ఆవిడ. ఆమె ఏడుస్తోందని ఆయనకు అప్పుడు తెలిసింది. “తమ్ముడున్నాడని చెప్పేవారు. టోపీ చెయ్యడంలో వాడంతటివాడు లేడనేవారు. నంబరు ఇమ్మంటే మాత్రం మాట మార్చేసేవారు. ఎవరికి కబురు చెయ్యాలో తెలీక మేమే అన్నీ జరిపించాం. మిగతా సామాను అడిగినవాళ్ళకి ఇచ్చేశాను. ఇది మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు. దాని విలువ తెలిసినవాళ్ళు కొంటారేమోనని వేలంలో పెట్టాను. ఎక్కడ పెట్టానో కూడా తెలీదండీ, ఏదో వస్తే నొక్కేశాను. మధ్యాహ్నం మీరు రాసింది చదివినప్పట్నుంచీ చేతులాడ్డం లేదు. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.”

ఆయన రాసిన మాటలు ఆయనకే గుర్తొచ్చాయి. చేసినవాడు ఇంకా బతికే ఉన్నాడని. ఇరవై రెండో తారీఖున తను ఏం చేస్తున్నాడు? ఆవిరి పడుతూ ఉంటాడు. ఎవరిదో టోపీకి, ఎవరిదని అడగకుండా. అన్నయ్య పోయాడని ఆ ఫొటో పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది. ఊళ్ళో ఇంకెవరికీ చదవడం రాదు గాని, తనకు వచ్చు. తనే చదవలేదు.

“ఒక్క మాటండీ” అంది ఆవిడ. “లోపల తోలుపట్టీ వెనకాల కాగితాలు మడిచి పెట్టి ఉన్నాయి. ఏడాది నుంచీ బాగా చిక్కిపోయారు కదా, టోపీ కళ్ళమీదికి జారిపోయేది. ఇంకోటి కొనుక్కోండి అంటే వినేవారు కాదు. జారినప్పుడల్లా ఒక కాగితం మడిచి లోపల పెట్టుకునేవారు. అవి తీసేసి ఇమ్మంటారా?”

పాత టోపీలో కాగితాలుంటే ముందు అవి తీసి పారేయాలి. కాగితం చెమట పీల్చి తోలుని కుళ్ళబెడుతుంది. ఎంతమందికి చెప్పాడో ఈ మాట.

“తీయకండి” అన్నాడు. మళ్ళీ అన్నాడు, “తీయకండమ్మా. అలాగే ఉంచండి.”

ఫోను పెట్టేశాక ఆయన మంచం అంచునే ఉండిపోయాడు. భార్య ఆయన తలను తన పొట్టకి ఆనించుకుని నిలబడింది. చాలాసేపటికి ఫోను మరోసారి మోగింది. ఆ ఇంటావిడ ఫొటో పంపింది. చదరపు బల్లమీద టోపీ వెల్లకిలా ఉంది. తోలుపట్టీని ఎవరిదో వేలు కొద్దిగా పక్కకి లాగి పట్టుకుంది. దాని వెనక వేలెడు వెడల్పున మడిచిన న్యూస్‌పేపరు ముక్కలు, ఒకదాని మీద ఒకటి, ఏడో ఎనిమిదో. అడుగువి చెమటకి గోధుమరంగు తిరిగి తోలుకి అంటుకుపోయాయి, అన్నిటికంటే పైది మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.